తుమ్మలపెంటలో నష్టం రాయడం

గాలివాన వెళ్ళిన మూడో రోజు
తుమ్మలపెంటలో నేను నష్టం రాస్తున్నాను.
ఫారంలో రెండే గడులు:
పాక్షికం, పూర్తి.
పైకి చదువుతూ రాయడం నా అలవాటు.

సిమెంటు రేకులు ఎగిరిపోయి
సరుగుడు తోపులో నిలువునా దిగబడ్డాయి.
కాలనీ పిట్టగోడలు మోకాళ్ళ మీద కూలబడ్డాయి.
పూర్తి. పూర్తి. పాక్షికం. పూర్తి.

కాటమ్మ ఇంటికాడ పెన్ను ఆగింది.
కప్పు లేదు. ఒక్క ఆకు లేదు.
నడిమధ్య నిట్రాట,
దాని నెత్తిన వెన్నుగాడి,
అటూ ఇటూ తాటి వాసాలు
తినేసిన వంజరం ముల్లులా, నీళ్ళోడుతూ.
"పూర్తి" అన్నాను.
"యాందయ్యా ఆ మాట?
ఇల్లు యాడికీ పోలేదే!"

నడిరేయి గాలి దిక్కు మారినప్పుడు
నిట్రాట మూలిగిందంట.
కొంగు నడుముకు బిగించి
చేపలు కోసే కత్తి పళ్ళతో కరిచి
వాసం పట్టుకుని పైకెక్కింది.
పడమటి చూరు కట్లు ఒక్కొక్కటే కోసింది.
"ఏకాశి మామ చెప్పుండాడు,
గాలికి ఏదో ఒకటి ఇయ్యాల బిడ్డా,
కప్పు ఇయ్యి, కట్టె ఇయ్యబాక.
ఆకు మళ్ళా వస్తాది,
నలభయ్యేళ్ళ చేవ యాడ తెస్తాం?"

కప్పు లేచిపోయిన చప్పుడుకి
గంపకింద కోళ్ళు కూడా నోరు మూశాయంట.
పొయ్యిగడ్డకు ఆనుకుని
పిల్లలూ ఆమే తెల్లార్లూ తడిశారు.
వాసాల సందుల్లోంచి గాలి
వలలోంచి నీళ్ళు పోయినట్టు పోయింది.

వంగి చూశాను. ఒక్క మేకు లేదు.
కట్టె కట్టె కలిసేచోట తాటినార,
తడిసి బిగిసి రాయిలా.
ఒకచోట ముడి తిరగబడి ఉంది.
"అది నాది. కొత్త కోడల్ని అప్పుడు.
మామ చూసి, నవ్వి వదిలేసినాడు."
అది కూడా ఊడలేదు.

ఇల్లు జానెడు ఉత్తరానికి వాలింది.
పడమటి పక్క వాసం ఒకటి చీలింది.
అదే రాయమంది.
"వాసం ఒకటి. నార మూడు మోపులు.
ఆకు ఆరొందలు. అంతే రాసుకో."

పూర్తి అంటేనే డబ్బులొస్తాయి,
ఆ సంగతి చెప్పాను.
నిట్రాట మీద చెయ్యేసి
చాలాసేపు సముద్రం వైపు చూసింది.
తర్వాత నా దగ్గరికొచ్చి
చెవిలో చెప్పినట్టు అంది:
"సరే, పూర్తనే రాయి.
పైకి చదవబాక.
అది ఇంటాది."