టపాకాయలు తడిసినాయి

పాతూరు బ్రదర్స్‌కి సొంత గ్రౌండులో ఆట ఉందంటే
నా సంచిలో మూడుంటాయి:
ఉప్పేసి వేయించిన చెనిక్కాయలు,
వెలిసిపోయిన నీలం జెండా,
వెయ్యి వాలా సరం ఒకటి.
గోలు పడితే అంటించేది నేనే.
పదకొండేళ్లుగా అది నా పోస్టు.
జీతం లేదు, పీకేసేవాడూ లేడు.

నా ఎడం పక్క కుళ్ళాయప్ప తాత.
పొరపాటున నేను అవతల కూచుంటే
లేచొచ్చి చోటు మార్చుకుంటాడు.
చాదస్తమనుకున్నా.
త్రోకి ఆఫ్‌సైడ్ అంటాడు, కార్నర్‌కి ఆఫ్‌సైడ్ అంటాడు,
ఐసు బండోడు సున్నపు గీత దాటినా ఆఫ్‌సైడే.
గ్రౌండంతా వినపడే గొంతు.
మనోళ్లు బంతి తీసుకొని అవతలి గోలు దగ్గరికి పోతే మాత్రం
"టీ తాగొస్తా ప్పా" అని మెట్లు దిగుతాడు.
ఇన్నేళ్లలో మనోళ్లు కొట్టిన గోలు
ఒక్కటీ చూడని అభిమాని అని
మేమంతా ఎగతాళి చేసేవాళ్లం.
నవ్వేవాడు, సగమే విన్నట్టు.

ఈ ఆదివారం ఆదోనితో ఆట.
యుద్ధానికి పోయొచ్చినోళ్లకు సన్మానమని మైకులో ఒకటే గోల.
షామియానా కింద తొమ్మిది ఎర్ర కుర్చీలు.
తాత కోసం తువ్వాలు పరిచి చోటు పట్టినా.
రాలేదు.

"హవల్దార్ కుళ్ళాయప్ప! ఫిరంగి దళం!
డెబ్బయ్యొకటి యుద్ధం!"
రెండుసార్లు పిలిచినారు.
ఏడో కుర్చీలో మనిషి కదల్లేదు.
పక్కాయన భుజం తట్టినాడు.
అప్పుడు లేచినాడు, ఇస్త్రీ చొక్కాలో,
నేను గుర్తుపట్టనంత నిటారుగా.
మైకాయన కాగితం చూసి చదివినాడు,
ఎడం చెవి యుద్ధంలోనే పోయిందని,
రేషను కార్డులో పేరు చదివినట్టు.

మొదటి బంతి ఆయన్నే తన్నమన్నారు.
వంగి, శాలువా కొంగుతో బంతి దుమ్ము తుడిచి, తన్నినాడు.
నేరుగా ఆదోనోళ్ల కాళ్ల దగ్గరికి.
చప్పట్లు కొట్టినాం.

తర్వాత ఒక నిమిషం మౌనం.
జెండా కర్రకు తాడు కొట్టుకుంటాంది, టక్, టక్.
బొరుగులోడి చెయ్యి పొట్లంలోనే ఆగిపోయింది.
నేను లెక్క పెడతాండా,
ఎన్ని సరాలు అంటించినానో, ఆయన ఎన్ని టీలు తాగినాడో.
షుగరున్న మనిషి.
ఇంటికాడ గూడా టీ ముట్టడని
వాళ్ల కోడలు చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది.

సగం ఆట అయినాక పైకొచ్చినాడు.
శాలువా నాలుగు మడతలేసి మెట్టు మీద పరిచి
"సిమెంటు కాల్తాంది" అని కూచున్నాడు, నా ఎడం పక్కనే.
మెడల్ చొక్కా జేబులో, బీడీ కట్ట వెనక.
అడగాలనుకున్నవి గొంతులో ఇరుక్కున్నాయి.
"చెనిక్కాయలు తింటావా తాతా" అన్నా.
చెయ్యి చాపినాడు.

ఇంక రెండు నిమిషాలుంది.
సున్నా సున్నా.
మస్తాన్‌వలి కుడి అంచున ఉరుకుతాండాడు.
పక్కన తాత మోకాళ్ల మీద చేతులేసి లేస్తాండాడు.
మణికట్టు పట్టుకున్నా.
"కూచో తాతా."

తల తగిలింది. వల ఊగింది.
స్టాండు మొత్తం లేచి నాకల్లే చూసింది.
"అన్నా, అంటించు! అంటించన్నా!"
"తడిసినాయి రా" అన్నా.
"ఏంది, తడిసినాయా?"
తడిసినాయంట, అనంతపురంలో!
రెండు నెలలుగా మబ్బు ముఖం చూడని ఊళ్లో!
ఒక పిల్లోడు సంచిలో చెయ్యి పెట్టబోతే
సంచి మీదే కూచున్నా.

తాత వలనే చూస్తాండాడు.
అది ఇంకా కొంచెం కదుల్తాంది.
చాలాసేపటికి మంచి చెవి నాకు దగ్గరగా పెట్టి
"ఏమప్పా, అంటియ్యలేదే?"
"తడిసినాయి తాతా."
మెడ ఎత్తి ఆకాశం చూసినాడు,
ఈ కొస నుంచి ఆ కొస దాకా, తీరిగ్గా,
గుడ్డపీలికంత మబ్బు గూడా లేని ఆకాశం.
"అట్లనా" అన్నాడు.

ఆ తర్వాత లేచి నిలబడి
రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి
లైన్‌మన్ అదిరిపడేట్టు అరిచినాడు,
మన గోలుకే,
"ఆఫ్‌సైడ్!"