ఊరేదాకా

పోటు నిండడానికి పావుగంట ఉందనగా
ట్రాక్టరు రెండుసార్లు దగ్గి
ట్రాలీని బురదలోకి నెట్టింది.
నాలుగేళ్లు రేకుల షెడ్డులో ఉన్న లాంచీ
మడచెట్ల మధ్య నుంచి వెనక్కి వెనక్కి జరిగి
మహురంగి నీళ్లలో కూర్చుంది.
చప్పట్లు ఎవరూ కొట్టలేదు.
పదకొండు మందిమీ మోకాళ్ల మీద వంగి
అడుగు చెక్కలు ఎత్తి చూస్తున్నాం.

వస్తోంది.
ముందు చెమటలా, ఆపైన దారంలా,
ఆపైన సిగ్గు విడిచిన కుళాయిలా.

"మునిగిపోతోందా?" మెరెయానా అడిగింది, తొమ్మిదేళ్లది.
"తాగుతోంది" అన్నాడు డెస్మండ్ పర్డీ.
ఎనభై మూడేళ్లు, యాభై పడవలు,
రంపానికి ఒక వేలు అప్పిచ్చి
ఇంతవరకూ వసూలు చేసుకోనివాడు.
"ఎండిన చెక్క. దప్పిక తీరేదాకా తాగి
ఊరి, ఉబ్బి, తన అతుకులు తనే మూసుకుంటుంది.
అంతదాకా మన పని తోడటమే."

ఎడమ పక్క ఏడో అతుకు నాది.
జులై చలిలో వేళ్లు కొంకర్లు పోతుంటే
దూది తాడు కూరి, పుట్టీ పెట్టాను.
అన్నిటికన్నా ఎక్కువ అదే కారుతోంది.
డెస్మండ్ చూశాడు.
టార్చి పక్కకి తిప్పాడు.

చేతిపంపు దగ్గర టెవిటా, డీజిల్ మెకానిక్కు,
టోంగా భాషలో లెక్కపెడుతున్నాడు: తహా, ఉవా, తోలు...
పావుగంటకి రెండువందలు.
మిగతావాళ్లం గట్టున ఫ్లాస్కుల చుట్టూ చేరి
పాత తగువే మళ్లీ ఎత్తుకున్నాం:
క్యాబిను తెలుపా, మీగడ రంగా?
గ్రేమ్ సవర్బీ నోరు విప్పలేదు పాపం.
పదిహేనేళ్ల కిందట ఓ సమావేశంలో
"ఫైబర్‌గ్లాసు తొడిగిస్తే పోలా" అన్నాడు.
ఆనాటి నుంచీ అతని వంతుకి
విరిగిన బిస్కెట్టే వస్తుంది.

కౌరి చెక్క ఇది.
గొడ్డలి భుజాన వేసుకెళ్లి నరికినవాళ్ల మనవలం,
ఇప్పుడు ఆ చెట్లకి తెగులు అంటకుండా
అడవి గుమ్మంలో బూట్లు తోముకుని గానీ
లోపలికి అడుగు పెట్టం.
కొత్త పలక దొరకదు.
అందుకే ఎక్కడ పాత ఇల్లు కూలుతోందన్నా
వానులో మేకులు పీకే సుత్తి వేసుకుని పరిగెడతాం,
చావు కబురు విన్న దూరపు చుట్టాల్లా, కాస్త ఆశతో.
ఈ అడుగున మూడు పలకలు ఒక బడి నేలవి.
ప్రొపెల్లరు ముప్ఫై ఏళ్లు ఎవరింట్లోనో
తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉండింది.

లాంచీ పేరు ఎస్మీ. ఎవరో తెలీదు.
బల్ల అడుగున పాత యజమాని పెన్సిలు రాత:
"1936 ఫిబ్రవరి. చేపలు పదమూడు. వాన.
ఎస్మీ పలకలేదు."
మనిషా, ఇంజనా?
నైరీ దీన్ని కొన్ననాటి నుంచీ
మేం రెండు పార్టీలుగా చీలి ఉన్నాం.
నైరీ ఎటూ చేరదు. ముప్ఫై ఏళ్లు
స్కూలు బస్సు నడిపిన మనిషి,
"ఇద్దరూ అయ్యుండొచ్చు" అంటుంది.

రాత్రి ఒంటిగంటకి నూటఇరవై.
మూడింటికి, నా వంతులో, డెబ్భై.
పంపు పిడి టెవిటా చేతి వేడితో ఇంకా వెచ్చగా ఉంది.
టార్చి వేసి నా అతుకు చూశాను.
దారం బొట్టయింది.
బొట్టుకీ బొట్టుకీ మధ్య ఒక ఊపిరి పీల్చుకోవచ్చు.
కాసేపటికి రెండు.
ఏ క్షణాన ఆగిందో చూడలేదు,
ఆవులించాను కాబోలు.
తెల్లారి డెస్మండ్ వచ్చి దాన్ని తొమ్మిది వేళ్లతోనూ తడిమి
ఆ తడి నా భుజానికి తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఏడింటికి నైరీ ఇంజను చక్రం తిప్పింది.
ఒకసారి. రెండుసార్లు.
మెరెయానా ఊపిరి బిగబట్టింది.
మూడోసారికి ఒక పొగ ఉంగరం, ఒక దగ్గు,
అంతే.

నైరీ చెవి మీంచి పెన్సిలు తీసి
బల్ల కిందకి దూరి, వెల్లకిలా పడుకునే రాసింది:
తారీఖు. చేపలు లేవు. వాన లేదు.
పదకొండు మంది.
ఎస్మీ పలకలేదు.

టెవిటా అప్పటికే స్పానర్లు పరుస్తున్నాడు.
గట్టు మీద ఎవరో టోస్టు మాడ్చారు.