మూతల అడుగున పెన్సిల్

అడక్కుండానే వచ్చిందట అప్‌డేట్,
రాత్రి రెండు దాటాక.
"ఆపకండి, కొద్దిసేపే" అని
తెల్లవార్లూ బతిమాలుతూనే ఉందట.
జోఫ్కా ఆపలేదు. పడుకుంది.
లేచేసరికి తెర నిండా నీలం.

"ఈ ఏడు పుట్టిన రాణులకి
వీపు మీద పెట్టే చుక్కదీ ఈ రంగే" అంది,
క్రాన్ ఊళ్ళో నా కొట్టు బల్ల మీద
తువ్వాలులో చుట్టిన కంప్యూటర్ని
గుడ్ల బుట్ట దింపినట్టు దింపుతూ.

మూత విప్పాను.
ఫ్యాన్ రెక్కల మధ్య మైనం పొడి,
ఎండిపోయిన ఒక తేనెటీగ.
"మూడో వరుసది అయ్యుంటుంది,
వాటికే అన్నీ కావాలి."
నవ్వాలో వద్దో తెలియక
స్క్రూలు లెక్కపెట్టాను.

పందొమ్మిదేళ్ళ లెక్క అందులో.
ఏ పెట్టెలో ఏ రాణి, అది ఎవరి కూతురు,
ఏ తల్లి సంతానానికి కుట్టే గుణం,
ఏ గుంపు ఏ మే నెలలో లేచిపోయి
పక్కూరి చర్చి గంట కింద వేలాడింది,
లిండెన్ పూత ఏ ఏడు మోసం చేసింది.

"ఇంకో కాపీ ఉందా?"
"లేకేం" అంది, కాస్త గర్వంగానే.
ఉంది. అదే డిస్కులో, పక్క ఫోల్డర్లో.
పెట్టె తాళంచెవిని
పెట్టెలోనే భద్రంగా దాచుకుంది.

నా దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మంది ఇంతే.
తిట్టడం మానేసి చాలా కాలమైంది.

అప్పుడు తాళాల గుత్తి నుంచి
చిటికెన వేలంత పెన్‌డ్రైవ్ ఊడదీసింది.
మరిది యెర్నెయ్ పోరు పడలేక
ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఎక్కించిందట.
తెరుచుకుంది.
అక్షరం పోకుండా పదిహేనేళ్ళు.
మిగతా నాలుగూ
నీలంలో.

ఏడవలేదు.
"ఆదివారం తీరికేనా? బూట్లు వేసుకురా" అంది.

ముప్పై ఒక్క పెట్టెలు, ఆల్ప్స్ కొండవాలున.
పొగ ఊదుతుంది, మూత ఎత్తి తిరగేస్తుంది.
అడుగున పెన్సిల్ రాత.
ఇంటికెళ్ళి టైపు చేసేదాకా మరిచిపోకుండా
నిలబడే గీకిన ముక్కలు.
ఆమె చదువుతుంది.
ముఖానికి వల, చేతులకు తొడుగులు,
తప్పో ఒప్పో నేను కొడతాను.
"జూన్ పన్నెండు. కొత్త రాణి. నెమ్మది."
"ఆగస్టు. తేనె తక్కువ, కోపం ఎక్కువ."
ఒక మూత మీద వట్టి "అయ్యో" అని ఉంది.
ఎందుకో ఆమెకీ గుర్తులేదు.
అలాగే ఎక్కించాం.

ఇరవై నాలుగు దొరికాయి.
ఏడు మూతలు మాత్రం
తళతళా తెల్లగా, ఖాళీగా.
కిందటి వసంతంలో గీకి, మంటతో కాల్చి,
కొత్త రంగు వేసిందట.

చాలాసేపు ఆ ఏడింటి ముందే నిలబడింది.
"బాగుచేద్దామనే కదా గీకాను."
"వాళ్ళూ అలాగే అనుకుని ఉంటారు" అన్నాను.

ఎవరని ఆమె అడగలేదు.

ఇప్పుడు జోఫ్కా లెక్క
కంప్యూటర్లో ఉంది,
కొండకవతల యెర్నెయ్ వంటింట్లో
పిండి డబ్బా వెనక డిస్కులో ఉంది,
మూతల అడుగునా ఉంది.
నెలకోసారి ఆ డిస్కు తెప్పించుకుని
తెరిచి, చదివి, తిప్పి పంపుతుంది.
మూత ఎత్తకుండా
లోపల తేనె ఉందనుకునేవాళ్ళు
తేనెటీగల్ని పెంచలేరంటుంది.

ఆ ఆదివారం రాత్రి ఒక సీసా తేనెతో ఇంటికొచ్చి,
పన్నెండేళ్ళుగా ఊరందరికీ ఇదే చెప్పే నేను
నా సొంత డిస్కు వెతికాను.
సొరుగులో, చార్జర్ల చిక్కుముడి కింద దొరికింది.
చివరిసారి ఎప్పుడు కాపీ చేశానో
ఆ తేదీ ఇక్కడ రాయను.

తెర మూల ఏదో మెరిసింది.
అప్‌డేట్ సిద్ధంగా ఉంది.
ఇప్పుడా, తర్వాతా?

తర్వాత అని నొక్కి,
కేబుల్ కోసం
అల్మారా మొత్తం కింద పోశాను.