మేట

ఆ నంబరు నేనే రాయించాను.
మొగల్తూరు కల్వర్టు మీద, లాకుల గోడ మీద,
ఐసు ఫ్యాక్టరీ వెనకవైపు,
నీలం పెయింటుతో, చివరి ఏడు కాస్త వంకరగా:
"ఏరేటర్లు రిపేరు చేయబడును. రాత్రయినా సరే."

బండి జారి కాలు విరిగింది.
నూటపది రోజులు మంచం.
చెరువులు తలుచుకున్నాను, అప్పులు తలుచుకున్నాను,
రీచార్జ్ ఒక్కటే తలపుకి రాలేదు.
లేచి ఫోను చెవిన పెడితే
అందులో ఎవరూ లేరు. నేను కూడా.

భీమవరం ఆఫీసులో టై కట్టుకున్న కుర్రాడు
స్క్రీను నావైపు తిప్పకుండానే చెప్పాడు:
"నంబరు ఎప్పుడూ మీది కాదండి, కంపెనీది.
వాడుకోమని ఇస్తాం. వాడకపోతే తీసేసుకుంటాం.
ఇప్పుడది వేరే కస్టమరుకి వెళ్ళిపోయింది.
ఫ్యాన్సీ నంబరు చూడండి, మూడు తొమ్మిదులది ఉంది."
మూడు తొమ్మిదులు నేనేం చేసుకోను?
తొమ్మిదేళ్ళుగా గోడలన్నీ ఒకే మాట చెబుతున్నాయి.

పక్కింటివాళ్ళ ఫోనులోంచి
నా నంబరుకి నేనే చేశాను.
నాలుగో రింగుకి ఎత్తిందో ఆడమనిషి:
"ఏరేటరా అండి? ఏ ఊరు?"

నర్సాపురం రేవులో పంటెక్కి
బండీ, నేనూ, జేబులో పదివేలూ వశిష్ఠ దాటాం.
సఖినేటిపల్లిలో దిగి, గట్టు వెంట లంకలోకి.
పీచుతాడు పేనుతోంది కొల్లాబత్తుల సువార్తమ్మ.
చేతులు ఆపలేదు. కుర్చీ మాత్రం చూపించింది.

అయిదువేలన్నాను.
తాడు సాగింది.
ఎనిమిదన్నాను.
"బస్టాండులో గొడుగు కింద కుర్రోడు
ఊరికే ఇచ్చాడండి దీన్ని," అంది.
పదీ తీసి చాప మీద పెట్టాను.

"ఆధారుకి ఇదే. గ్యాసుకి ఇదే. డ్వాక్రా లోనుకి ఇదే.
ఓటీపీ వత్తే దీనికే రావాల.
మీకిచ్చేసి నేనెవర్నని చెప్పుకోనండి?"

"కానీ ముందు అది నాదమ్మా."

అప్పుడాపింది చేతులు.
"మా మావగారి ఎకరం పాతిక, అరటితోట,
ఎనభయ్యారు వరదకి ఏరు కోసుకుపోయింది.
మీ ఒడ్డునే మేటేసింది.
అదిగో, ఆ సరుగుడు తోట కనపడతందా?
ఎవరో ఏసుకున్నారు.
మేం పడవెక్కి వచ్చి అడిగామా, అది మా మట్టని?"

ఆ సరుగుడు తోట నాకు తెలుసు.
దాని పక్క చెరువుకి రెండేళ్ళు
ఏరేటర్లు బాగుచేసింది నేనే.
ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

లోపలికెళ్ళి పిల్లల నోటుబుక్కు తెచ్చింది.
"మొదట్లో రాంగు నంబరని తిట్టేదాన్నండి.
ఓ రాత్రి రెండింటికి, ఉండి నుంచి ఎవరో,
రొయ్య పైకి తేలిపోతందని ఏడుపు.
మనిషి ఏడుత్తా ఉంటే ఎలా పెట్టేత్తాం?
కాపలాకెళ్ళే మా మరిదిని లేపి అడిగి చెప్పాను,
బిళ్ళలు చల్లండి, ఇంజను దొరికేదాకా
బేసిన్లతో నీళ్ళు ఎగజిమ్మండని.
సగం బతికిందంట."

అరవై మూడు పేర్లు.
ఊరు, చెరువు, ఎన్ని ఏరేటర్లు, ఎన్నింటికి చేశారో.
కొన్నిటి పక్కన చిన్న శిలువ.
ఏంటని అడిగితే,
"ఆ చెరువులు పోయినాయండి," అంది.

"ఎప్పటికైనా వత్తారని రాసిపెట్టాను. ఇది పట్టుకెళ్ళండి.
దీనికి డబ్బులొద్దు.
నంబరు మాత్రం అడక్కండి, ఆయ్."

చాప మీది పదివేలు తీసి మళ్ళీ జేబులో పెట్టుకోవడం
పెట్టినప్పటికన్నా కష్టమైంది.
తిరుగు పంటులో నీళ్ళవైపు చూడకుండా
నోటుబుక్కే చదువుకున్నాను.

గోడలు చెరపలేదు.
రాత్రి కరెంటు పోతే నా కొత్త ఫోను మోగుతుంది.
తెర మీద నా పాత నంబరు,
పేరు సువార్తమ్మ గారు.
"యలమంచిలి అవతలండి. ఎనిమిది ఏరేటర్లు.
కుర్రోడు బాగా కంగారుగా ఉన్నాడు, బేగా ఎళ్ళండి."

ఇరవై ఎనిమిది రోజులకోసారి
ఆ నంబరుకి రీచార్జ్ వేయిస్తున్నాను.
ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు.
క్యాలెండరు మీద గీత మాత్రం గీసుకున్నాను,
మళ్ళీ కాలు విరిగినా కనపడేట్టు,
మంచానికి ఎదురుగా.