ఉప్పు కొలత

చీటీ పాట ఎత్తినాను, అందుకని.
అదొక్కటే కారణం. పుట్టినరోజు కాదు, పండగ కాదు.
ఇరుక్కొని కూచున్న ఆటోలో మా అత్త సుంకమ్మ మాత్రం
మడివాళ దాటేదాకా అడుగుతానే ఉంది:
"పెండ్లెవరిదే? చదివింపులేం తెచ్చినావు?"

పీజీలో ట్యాంకులు కడుగుతాండారు ఈ పొద్దు.
మధ్యాహ్నం వంట లేదని లిఫ్టు పక్కన కాగితం అంటించినారు.
తొంభై రెండు మంది పిల్లోళ్ళకి
నేను గరిటె ఎత్తని ఆదివారం
ఏడాదికి ఒకటో రెండో.

మెట్ల మీద నిలబడినాం టోకెను పట్టుకొని.
మాది నలభై ఏడు. పిలిచింది ముప్పై ఒకటి.
తలుపు తెరిచినప్పుడల్లా తిరగమోత వాసన
బయటికొచ్చి, వరసలో ఉన్నోళ్ళని తడిమి పోతాంది.
మా ఆయన నీళ్ళ ట్యాంకరు తోలుతాడు,
ఎండాకాలం ఆయనకి వారాలు లేవు.
నాలుగింటికి లోడు దించాల.
గడియారం చూస్తాడు, టోకెను చూస్తాడు,
మళ్ళీ గడియారం.

పిలిచినారు. ఆకులేసినారు.
బకెట్టుతో పప్పు తెచ్చిన పిల్లోడు
ముందు కన్నడంలో అడిగి,
మా అత్త "ఇంగ రోంత వెయ్యి నాయనా" అనేసరికి
నవ్వి, "మీది కదిరి పక్కనా అవ్వా?" అని
రెండు గరిటెలు ఎక్కువేసినాడు.

పప్పు నాలిక్కి తగలగానే తెలిసిపోయింది నాకు:
ఇది ఆరొందల మందికి వండింది.
టమాటా ఆఖర్న పడింది. బేడలు పాతవి.
ఉప్పు మాత్రం,
ఉప్పేసిన చెయ్యి తడబడని చెయ్యి.
గోడవతల కనపడని ఆ మనిషికి
లోపల్లోపలే దండం పెట్టినా.

నా సంగతి చెప్పాల కదా.
ఏడేండ్లుగా తొంభై మందికి వండీ వండీ
నా పిడికిలి ఐదుగురి లెక్క మర్చిపోయింది.
ఇంట్లో చారు పెడితే సముద్రం.
భయపడి తగ్గిస్తే చప్పిడి.
"నువ్వు వండద్దులేమ్మా, మ్యాగీ చేసుకుంటా" అంటాడు చిన్నోడు,
తిట్టినట్టు కాదు, జాలిపడినట్టు.
జాలే ఎక్కువ మండుతుంది.

ఈ పొద్దు వాడు తలెత్తకుండా తింటాండాడు,
మోచేతిదాకా రసం.
హంసవేణి అప్పడం విరిచి, సగం
ఆకు అంచు కింద దాచుకుంది ఆఖర్న తినేదానికి.
నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నా.
సిగ్గుపడలేదు.

అప్పుడు చూసినా,
ఎదురుబల్ల దగ్గర మూడొందల ఆరు.
పేరు తెలీదు, మాకు రూము నంబరే పేరు.
నన్ను చూసి గుటక మింగి లేచి నిలబడినాడు,
ఎంగిలిచెయ్యి వెనక్కి పెట్టుకొని
కాపీ కొడుతూ దొరికినోడి మాదిరి.
"ఆంటీ, ఈ పప్పు కన్నా మీదే బాగుంటుంది ఆంటీ."
రోజూ నీ ప్లేటులోంచి బుట్టలోకి ఎంత పోతుందో
చూసేది నేనే కదప్పా.
"అబద్ధం అన్నం ముందర చెప్పద్దు, కూచో," అంటిని.
"పెరుగులోకి ఆ ఊరమిరపకాయ నంజుకో, బాగుంది."
కూచున్నాడు. నంజుకున్నాడు.
చెవులు ఎర్రబడినాయి,
కారానికో, ఇంక దేనికో.

మా అత్త ఆకు తనవైపు మడిచింది,
మళ్ళీ రావాలంట.
నేను లేస్తా లేస్తానే ఐదాకులూ ఒకదాంట్లో ఒకటి చుట్టేసినా,
బల్ల మీది మెతుకులు అరచేత్తో ఊడ్చినా.
తుడిచే పిల్ల పరిగెత్తుకొచ్చింది:
"బిడి అక్కా, బిడి."
విడిచిపెట్టమంటాంది.
చెయ్యి విడిస్తే కదా.

తిరిగొచ్చేటప్పుడు ఫోను, ఓనరు:
నీళ్ళొచ్చినాయి, రాత్రికి చపాతీలు, పిండి కలపాల.
మా అత్త నా భుజం మీద గురక పెడతాంది.
చిన్నోడు నా చెయ్యి లాక్కొని
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు,
ఎప్పుడూ ఉల్లిగడ్డ వాసనేసే చెయ్యి.
"నెయ్యి," అన్నాడు.