రెప్పలు బిగించే పని

మా నాన్న ఎమిల్ చొక్కాల్ని
అమ్మ వేరే బకెట్లో నానబెట్టేది.
గాజునార పొడి.
కంటికి కనబడదు, ఒంటికి తెలుస్తుంది.
సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి
స్నానం చేసేదాకా నన్నెత్తుకునేవాడు కాదు.

అప్పటికి దానికి తలుపు పిడి కూడా లేదట,
లోపలికి చెయ్యి పెట్టి గొళ్లెం తడుముకోవాలి.
వానొస్తే సీట్లో మడుగు.
కార్వెట్ అని యుద్ధనౌక పేరైతే పెట్టారు గానీ
ఆరు సిలిండర్ల గుండె;
చూపుకు చిరుత, నడకకు పెళ్లి ఊరేగింపు.
యాభై నాలుగు చివర
కొనేవాళ్లు లేక యార్డులో నిలబడిపోయాయి,
ఏది మంచో ఏది కారో తెలీనంత తెల్లగా.
మరుసటేడు ఎనిమిది సిలిండర్లు పెట్టారు.
"గొంతు వచ్చింది" అన్నాడు నాన్న.
అంతే అన్నాడు.

అరవై మూడులో వెనకద్దం మధ్య వెన్నుపూస. ఒక్క ఏడాదే.
వెనకొచ్చేది కనబడదని గొణిగితే తీసేశారు.
పాతది ఉన్నవాళ్లు కొత్తదిలా ఉండాలని
రంపంతో ఆ వెన్ను కోయించుకున్నారు,
మా వీధి పళ్ల డాక్టరు లాంబ్రెక్ట్ కూడా.
కోయనిదాని ధర ఇప్పుడు వేలంలో విని
ఆయన కొడుకు
పోయిన తండ్రిని తిట్టుకుంటాడు.

ఆ ఏడే దానికి రెప్పలొచ్చాయి.
పగలంతా నిద్ర. మీట నొక్కితే దీపాలు కళ్లు తెరుస్తాయి.
పంతొమ్మిదేళ్లప్పుడు నాకిచ్చిన పని అదే:
నాణెం మందం సందు వదిలి
రెప్ప బిగించడం.
అప్పటికి నడుం సన్నబడి, భుజాలుబ్బి
దానికి సొరచేప వాటం వచ్చింది.
రెప్పలు గాలి పీల్పుతో లేచేవి.
రబ్బరు గొట్టానికి ఎక్కడో చిల్లుపడితే
ఒకటి లేస్తుంది, ఒకటి లేవదు.
లైను చివర నిలబడి నాకు కన్ను కొట్టేవి.
మగాళ్లు కొడితే ఫోర్‌మన్‌తో చెప్పేదాన్ని.
వీటికి గొట్టం మార్చేదాన్ని.

తర్వాత పెట్రోలు కరువు, పొగ మీద చట్టాలు.
కండలు అలాగే, లోపల సత్తువ సగం;
పహిల్వాన్‌ని పథ్యం మీద ఉంచినట్టు.
అయినా ఆ ఏళ్లలోనే
ఎప్పుడూ లేనంతగా అమ్ముడైంది.
ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

ఎనభై ఒకటిలో పనంతా కెంటకీకి, బౌలింగ్ గ్రీన్‌కి మారింది.
నాన్న అప్పటికి లేడు.
ట్రక్కులో ఒక మంచం, ఒక కుట్టు మిషను, నేను.
ఎనభై మూడు మోడలంటూ జనానికి అమ్మనే లేదు,
ఒక్కటంటే ఒక్కటి మిగిలింది.
నా కూతురు టలూలా పుట్టింది ఆ ఏడే.
"ఆ ఏటి బండివి నువ్వే" అనేదాన్ని
అలిగినప్పుడల్లా.

కొత్తదానికి డాష్‌బోర్డు మీద అంకెలు వెలిగేవి.
రెప్పలకు మోటార్లొచ్చాయి,
కన్ను కొట్టడం మానేశాయి.
నేను మాత్రం ఆ సందు
గోటితో కొలవడం మానలేదు.

రెండువేల నాలుగు. గోడకు కొత్త బొమ్మ అంటించారు.
రెప్పల్లేవు.
గాజు కింద చేప కళ్లు, ఎప్పటికీ మూతపడనివి.
"ఆర్లీన్, నిన్ను తలుపుల దగ్గరికి మార్చాం" అన్నాడు సూపర్‌వైజరు.
వెళ్లి చూస్తే
తలుపుకు పిడి లేదు!
వేలు దూర్చి నొక్కే మీట, చాటుగా.
యాభై ఏళ్లు తిరిగి
నాన్న తడుముకున్న చోటికే వచ్చాం.
భోజనాల గంట కొట్టేదాకా ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

వెనక గుండ్రటి ఎర్ర దీపాలు పలకలు తేలినప్పుడు
రిటైరయ్యాను.
ఇప్పుడు టలూలా అదే ఫ్యాక్టరీలో
ఇంజన్‌ని సీటు వెనక కూర్చోబెడుతుంది.
ముక్కు పొట్టిదై, బరువంతా వీపుకెక్కింది.
కుటుంబాల రోజున నన్ను తీసుకెళ్లి ఒకదాంట్లో కూర్చోబెట్టింది.
ఎన్ని వేల బండ్లు నా చేతుల మీదుగా వెళ్లాయో,
కదిలే దాంట్లో ఒక్కసారీ కూర్చోలేదు.

స్టార్ట్ చేసింది.
ముందు నుంచి వస్తుందని చెవులు రిక్కించాను.
మెడ వెనక నుంచి వచ్చింది, ఆ గొంతు,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.
తిరిగి చూశాను.
అద్దం. అద్దం కింద ఇనుము.

ముంజేతి మీద, ఊరికే,
దురద.