బట్టలు కలియబెట్టిన కర్ర

మా అమ్మ గోబ్నెట్ పోయాక
పెరటి కొట్టు సర్దుతుంటే దొరికింది
ఒక చివర సున్నంలా పాలిపోయిన కర్ర.
ఇరవై ఏళ్లు రాగి కాగులో
ఊరి మగజట్టు జెర్సీలు కలియబెట్టిన కర్ర.
ఆదివారం సాయంత్రానికి గోనెసంచిలో వచ్చేవి, పదిహేను.
బురద వాసన చూసి చెప్పేది అమ్మ:
ఇది వాగు అవతలి మైదానం, ఇది కొండ కిందిది,
ఇక్కడ ఓడారు.
ఓడినవాళ్ల చెమట ఇంకాస్త పులుపట.

పొయ్యిలో పెట్టబోయాను.
నా కూతురు డెర్వ్లా లాక్కుంది.
"పిడి చూడమ్మా."

పిడికి చుట్టిన పట్టీ, జిగురు ఎండి నల్లబడింది.
దాని కింద మేకుతో గీసిన రెండక్షరాలు, ఒక సంవత్సరం.
నేను పుట్టడానికి మూడేళ్ల ముందుది.
పెళ్లికి ఏడాది ముందుది.

చెప్పలేదు అమ్మ. ఒక్కసారి కూడా.
టీవీలో మ్యాచ్ వస్తే మాత్రం
కూర్చున్నచోటే కుడి మోకాలు అదిరేది.
వాతం అనుకున్నాం. తైలం రాశాం.

మగవాళ్లు ఆడితే దీన్ని హర్లింగ్ అంటారు.
అదే కర్ర, అదే తోలుబంతి, అదే వాన,
ఆడవాళ్లు ఆడితే కమోగీ.
పెళ్లయితే ఇంటిపేరు మారినట్టు
మా దేశంలో ఆటకీ పేరు మారుతుంది.

డెర్వ్లా జట్టుకి మైదానం దొరికేది రాత్రి ఎనిమిదిన్నరకి,
పన్నెండేళ్ల మగపిల్లలు ఇళ్లకి వెళ్లాక.
తొమ్మిదింటికి ఫాక్నా దీపాలు ఆర్పేస్తాడు.
చెడ్డవాడు కాదు పాపం,
"కమిటీ మాట" అంటాడు తాళంచెవుల వంక చూస్తూ.
అప్పుడు తల్లులం కార్లు వరసగా నిలిపి
హెడ్‌లైట్లు వేస్తాం.
ఒకసారి మా కారు బ్యాటరీ చచ్చిపోతే
పదకొండు మంది ఆడపిల్లలు ఇంటిదాకా తోసుకొచ్చారు
వానలో, పగలబడి నవ్వుతూ.

స్కర్టుల సంగతి మరో కథ.
ప్రాక్టీసుకి నిక్కర్లు, మ్యాచ్ రోజున స్కర్టు.
ఎందుకంటే రూలు.
రూలెందుకంటే జవాబు లేదు, దగ్గు.
మొన్న మొన్ననే ఓటు పెట్టి తేల్చారు,
ఇష్టమైనవాళ్లు నిక్కరు వేసుకోవచ్చని.
నూరేళ్లు దాటింది
రెండు కాళ్లకి రెండు గొట్టాలు కుట్టడానికి.

కర్రని మేస్త్రి మల్లాకీ దగ్గరికి తీసుకెళ్లాం.
వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.
"యాష్ చెట్టు వేరు తిరిగే చోట కోసింది ఇది."
మొక్కై వంగనిది మానై వంగదంటారు,
ఇది వేరులోనే వంగి పుట్టింది.
అందుకే విరగలేదు, అన్నాడు. ఉడికినా విరగలేదు.
ఇప్పుడా చెట్లకి తెగులు, కొమ్మ కొమ్మే ఎండిపోతోంది.
కొసకి రేకు పట్టీ వేసి డబ్బులు తీసుకోలేదు.
"గోడకి తగిలించుకోండి."

డెర్వ్లా గోడ వైపు చూడనైనా లేదు.

ఆ గురువారం ఫాక్నా దీపాలు ఆర్పాడు.
మేం కార్ల దీపాలు వేశాం.
కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది నా కూతురు.
"కొట్టు."

నేను మధ్యలోదాన్ని.
శాండ్‌విచ్‌లకి అంచులు కోసినదాన్ని,
స్కోరు రాసినదాన్ని, ఫ్లాస్కులు మోసినదాన్ని.
యాభై ఏడేళ్లొచ్చినా
నా చేతికి బంతి తగల్లేదు, పట్టుకుని అందివ్వడానికి తప్ప.

మొదటి దెబ్బ గాలికి.
రెండోది గడ్డికి.
మూడోది
మోచేతిదాకా జివ్వుమంది.

హెడ్‌లైట్ల వెలుగు దాటి,
ఫాక్నా గది కప్పు దాటి,
బంతి చీకట్లోకి పోయింది.
పిల్లలు టార్చిలు పట్టుకుని కంచె దూకారు వెతకడానికి.

నేను అక్కడే నిలబడిపోయాను.
దెబ్బ తగిలిన చోట కర్రలోంచి
సన్నగా
సబ్బు వాసన.